నవ్వు ఎవరి మీద?

ఎర్రమంచిలో సమావేశం ముగిశాక ఒక చెల్లెలు నా చేతిలో ఒక కాగితం పెట్టింది. ఆడకూలీల సొమ్ము మింగిన ఒక కంట్రాక్టరు మీద వేసిన వ్యంగ్యచిత్రం. మూటలా ఉబ్బిన పొట్టతో అతను, పక్కన పైట జారిన ఒక స్త్రీ. అతను ‘ఉంచుకున్నది’ అని ఊరు చెప్పుకునే మనిషి. "ఈ సంచికలో వేయాల్సిందే అక్కా" అంది. అందరం నవ్వాం. ఇంటికొచ్చాక ఆ నవ్వే నన్ను నిలదీసింది.

బలవంతుణ్ణి నవ్వులపాలు చేయడం బలహీనుల పాత ఆయుధం. 1820లో ఇంగ్లండులో నాలుగో జార్జి గద్దెనెక్కగానే భార్య కెరొలిన్ మీద వ్యభిచార నింద మోపి, పార్లమెంటులో బిల్లు పెట్టించి వదిలించుకోవాలని చూశాడు. ఎందరో స్త్రీలతో సంబంధాలున్న రాజు భార్య శీలాన్ని విచారణకు పెట్టాడన్నమాట! లండన్ దుకాణాల కిటికీల నిండా అతన్ని ఎగతాళి చేసే బొమ్మలు వెలిశాయి. తనను అసభ్యంగా గీయకుండా ఉండేందుకు చిత్రకారుడు జార్జి క్రూయిక్‌షాంక్‌కు రాజు తరఫున 100 పౌండ్లు ముట్టాయి. వేలాది స్త్రీలు రాణికి మద్దతుగా సంతకాలు చేశారు. చివరికి బిల్లు వెనక్కి పోయింది.

అయితే రాణిని అశ్లీలంగా చూపిన బొమ్మలూ అప్పుడే అమ్ముడుపోయాయి. 1821లో పట్టాభిషేకానికి వెళ్తే ఆమె ముఖం మీదే తలుపులు మూశారు. మూడు వారాలు తిరక్కుండానే చనిపోయింది. రాజు మాత్రం రాజుగానే ఉన్నాడు.

ఇది దూరదేశపు కథ అని పక్కన పెట్టలేం. 1892 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఎనిమిది పేజీల ఇంగ్లీషు కరపత్రం ఒకటి రాసినవారి పేరు లేకుండా వెలువడింది. దాని గురి నిజాం ప్రభుత్వంలో హోం సెక్రటరీ మెహదీ హసన్. వాడిన ఆయుధం మాత్రం ఆయన భార్య ఎలెన్ డానెల్లీ. ఆమె ఒకప్పుడు వేశ్య అనీ, వాళ్లకు అసలు పెళ్లే కాలేదనీ అందులో రాశారు. దాన్ని అచ్చువేశాడంటూ మిత్రా మీద భర్త పరువు నష్టం కేసు వేశాడు. నెలల తరబడి కోర్టులో తిరగేసింది ఆమె గతాన్నే. 1893లో మిత్రా నిర్దోషిగా బయటపడ్డాడు. మెహదీ హసన్ ఉద్యోగం పోయింది. భర్తను పడగొట్టదలచిన వాళ్లు ఆమె ఒంటి మీదుగా నడిచి వెళ్లారు.

ఈనాడు కరపత్రం పని సెల్‌ఫోను చేస్తోంది. స్త్రీలను అసభ్యంగా చిత్రించకూడదని 1986లో చట్టం వచ్చింది. కానీ కలం మన చేతిలో ఉన్నప్పుడు మనల్ని ఆపేది చట్టమేనా?

"అయితే అతన్ని ఊరికే వదిలేద్దామా అక్కా?" అని ఆ చెల్లెలు నిష్ఠూరంగా అడిగింది. ఎందుకు వదలాలి? అతని దొంగ లెక్కల పుస్తకం గీయి. చెయ్యని పనికి పడ్డ వేలిముద్రలు గీయి. కూలి కోసం వాకిట్లో నిలబడ్డ మన ఆడవాళ్లను గీయి. అతని పొట్ట అలాగే ఉండనీ! ఆ పక్కనున్న స్త్రీని మాత్రం తీసేయి. కూలి డబ్బు తిన్నది ఆమె కాదు. రేపు ఆమె కూడా మన సమావేశానికి రావాలి కదా.

బొమ్మ వెనక్కి పంపాను. కొత్తది వచ్చాక వేస్తాం. ఈలోగా మీరూ మీ సంఘాల్లో ఈ విషయం చర్చించండి. మన నవ్వు ఎవరికి తగులుతోందో చూసుకుని మాకు రాయండి.