రేటు చెప్పే హక్కు

బెల్లంపల్లిలో పెళ్లి వీడియోలు తీసేవాళ్లు, ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాళ్లు, యూట్యూబ్‌కు జానపదాలు రాసి పాడేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లలో దళిత వాడల పిల్లలు తక్కువేం కాదు. కళ మీద మోజు ఒక్కటే దీనికి కారణం కాదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు పర్మినెంట్ కార్మికులు 40 వేల చుట్టే ఉన్నారు. బెల్లంపల్లి బావులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిగిలింది సెల్‌ఫోన్, కెమెరా, గొంతు.

దీనికి ఫ్రీలాన్స్ అని పేరు. నీకు నువ్వే యజమానివి అంటారు. మన వాడలకు ఇది మరీ కొత్తదేం కాదు. సావుకూ జాతరకూ డప్పు కొట్టినవాళ్లూ నెల జీతగాళ్లు కారు. ఊరు ఇచ్చింది తీసుకోవాలి, కొట్టనంటే వెలి. గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో దళితులను బహిష్కరించిన వార్తలు ఉత్తర తెలంగాణ నుంచి ఈ మధ్య కూడా చదివాం. అందుకే వ్యాపారం నిలబెట్టుకోవడమంటే మార్కెటింగ్ మెళకువలు చెప్పేవాళ్లతో మేము ఏకీభవించం. మన పిల్లలకు ముందు అడ్డం వచ్చేది రేటు నోట రాకపోవడమే. అడ్వాన్స్ అడిగితే ‘మనోళ్లమే గదా’ అంటారు, పనయ్యాక ‘పేరొస్తది గదా’ అంటారు.

పాట సంగతే తీసుకుందాం. రచయితకు ఒక్కసారి ఎంతో కొంత ఇస్తారు, ఆ తర్వాత పాట ఛానల్‌దే అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ అలా అనడం లేదు. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వక ఒప్పందం, సంతకం ఉండాలి. గడువు రాయకపోతే అది అయిదేళ్లే. అంటే నోటిమాట మీద ఇచ్చిన పాట ఇంకా రాసినవాళ్లదే. ఫొటో, వీడియో అలా కాదు. డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లకే హక్కు పోతుంది, వేరేగా రాసుకుంటే తప్ప. ఈ తేడా తెలియక నష్టపోయేవాళ్లే ఎక్కువ.

బకాయిలకూ చట్టం ఉంది. ఉద్యమ్ పోర్టల్‌లో నమోదుకు రూపాయి ఖర్చు లేదు. నమోదైన సూక్ష్మ సంస్థకు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలని 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతుంది. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ. అయితే పని ఒప్పుకోకముందే నమోదై ఉండటం మేలు. ఇక ఊళ్లో పెద్దకులపాయన మీద కౌన్సిల్‌కు ఫిర్యాదు రాసే ధైర్యం ఏ పోర్టల్‌లో దొరుకుతుందో చట్టం చేసినవాళ్లు చెప్పలేదు.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే, తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథిలో సుమారు 550 మంది కళాకారులకు జీతాలొచ్చాయి. అది మంచిదే. బయట మిగిలినవాళ్లకు అప్పే దిక్కు. బెల్లంపల్లి 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు స్థానం. ప్రచారంలో మన పాట లేనిదే మైకు మోగదు. ఆ పాటకు ఎంత ఇవ్వాలో ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ లేదు.

సమష్టిగా రేటు తేల్చుకోవడం ఈ పట్టణానికి ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. బొగ్గు కార్మికుల 11వ వేతన ఒప్పందం 2023 మేలో సంఘాలు యాజమాన్యంతో కూర్చుని కుదుర్చుకున్నదే. ఆ కార్మికుల పిల్లలు మాత్రం ఒకరి రేటును ఒకరు కోసుకుంటున్నారు. పాటకింత, పెళ్లికింత, సగం ముందే అని బెల్లంపల్లి, మంచిర్యాల, మందమర్రి వాళ్లు ఒక్క కాగితం మీద రాసి గోడకు అంటించినా చాలు, ‘మనోళ్లమే గదా’ అనేవాళ్లకు వేలెత్తి దాన్ని చూపించొచ్చు.