ఆకాశానికి కులం లేదట!

ఉపగ్రహానికి కులం లేదట! మా ఊరి కొత్త పటం చూపించడానికి పెట్టిన సభలో ఒక అధికారి సెలవిచ్చిన మాట ఇది. కరణాల కాలం పోయింది, ఇక పైనుంచి తీసిన బొమ్మే సాక్ష్యం అని ఆయన అంటుంటే ముందు కుర్చీలవాళ్ళు చప్పట్లు కొట్టారు. మేం వెనక నిలబడి విన్నాం.

కెమెరాకి కులం లేదని మేమూ ఒప్పుకుంటాం. మరి పటం గీసేది కెమెరానా? కింద ఫోటో పరిచి, దానిమీద గీతలు గీసి పేర్లు రాసేది మనిషి. బొమ్మలో చెరువుగట్టు కనిపిస్తుంది, ఎవర్ని ఏ రేవులో దిగనివ్వరో కనిపించదు. ఖాళీ జాగా కనిపిస్తుంది, దాని కింద మా తాతలున్నారని కనిపించదు. ఆ రోజు తెరమీది పటంలో గుడికి పేరుంది, రైసుమిల్లుకి పేరుంది. మా పల్లె పేరులేని కప్పుల గుంపు. మా శ్మశానం మీద ‘బంజరు’ అని ఉంది. కరణాలు 1984లో రద్దయ్యారు గానీ కరణం కలం కంప్యూటర్లోకి దూరింది!

లెక్క చూద్దాం, మేం లెక్కల పంతుళ్ళమే. ఉచితంగా దొరికే సెంటినల్-2 బొమ్మలో ఒక చుక్క అంటే నేలమీద 10 మీటర్లకు 10 మీటర్లు, దాదాపు రెండున్నర సెంట్లు. 2020లో ప్రభుత్వం పల్లెల్లో పంచిన ఇంటిస్థలం సెంటున్నర. ఇల్లూ వాకిలీ కలిపినా ఒక్క చుక్క నిండదు. డ్రోను బొమ్మ ఇంతకన్నా ఎంతో నయం, నిజమే. అయినా వేపచెట్టు కింద గుడిసె ఉంటే పైనుంచి కనపడేది వేపచెట్టే. బొమ్మని నేలమీద కొలిచిన గుర్తులతో సరిచూసి అతికించకపోతే గీతలు మీటర్లకొద్దీ పక్కకి జరుగుతాయి. మోతుబరికి నాలుగు మీటర్లంటే గట్టు. మాకు ఇల్లు.

గుజరాత్‌లో ఆదివాసుల భూమి దరఖాస్తుల్ని బొమ్మలో సాగు కనపడలేదని కొట్టేశారు. 2012లో సవరించిన అటవీ హక్కుల నిబంధనలు ఏమంటున్నాయి? ఉపగ్రహ బొమ్మ మిగతా సాక్ష్యాలకి తోడే తప్ప వాటికి బదులు కాదని. 2013లో అక్కడి హైకోర్టు ఆ దరఖాస్తుల్ని మళ్ళీ చూడమంది. మా మండలంలో ఈ సంగతి ఎవరైనా చదివారా?

అలాగని బొమ్మని చింపెయ్యమనటం లేదు. అంబేద్కర్ బిడ్డలం, యంత్రానికి జడుస్తామా? గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ బొమ్మలున్నాయి. మా శ్మశానం తూర్పు మూలని ఏయే ఏళ్ళలో దున్ని కలుపుకున్నారో అందులోనే పట్టుకున్నాం. 2021 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు మార్చాక పటం గీసుకోడానికి మనకి ముందస్తు అనుమతి కూడా అక్కర్లేదు. పదో తరగతి పిల్లలు ఆ బొమ్మని పెద్దగా అచ్చు తీయించి, ముసలమ్మల్ని వెంటబెట్టుకుని నడిచారు. సమాధులూ, శవం మోసుకెళ్ళే దారీ, పాత బావీ గుర్తుపెట్టి పేర్లు రాసుకొచ్చారు. బళ్ళోకి అడుగుపెట్టని ఒకమ్మ కాగితం తిరగేసి పట్టుకుని మరీ పిల్లల తప్పు దిద్దింది.

వచ్చే గ్రామసభలో ఆ పటం బల్లమీద పెడతాం. సర్వేయరు గారు మాతో శ్మశానం దాకా నడవాలి. ‘బంజరు’ కొట్టేసి, మాలమాదిగల శ్మశానం అని రాసి సంతకం పెట్టేదాకా మేం లేవం.