వామనుడని పేరు పెట్టినది నేనే



చేవెళ్ళ నుండి మొయినాబాదు మీదుగా నగరానికి పోయే బస్సులో మొన్న నా ప్రక్కన ఒక తల్లి, పదేళ్ళ కొడుకు కూర్చున్నారు. బాలుడు ఏడేళ్ళవానివలె ఉన్నాడు. మరునాడు పరగడుపున ఆసుపత్రిలో పరీక్షట. "ఒక్కపారి నెత్తురు తీస్తే తెల్వదా సారూ? ఐదుపార్లు తీస్తరంట" అని ఆమె వాపోయినది.

ప్రశ్న సమంజసమే. ఎదుగుదల హార్మోను పీయూషగ్రంథి నుండి ఎడతెగక స్రవించదు. అలలుగా, విశేషించి గాఢనిద్రలో వెలువడుతుంది. పగలు తీసిన ఒక్క నమూనాలో కానరానంత మాత్రాన గ్రంథి వట్టిపోయినదనరాదు. అందువలన క్లోనిడిన్ మాత్రనో, గ్లూకగాన్ సూదిమందునో ఇచ్చి, గ్రంథిని తట్టిలేపి, అరగంటకొకమారు రక్తం తీస్తారు. క్లోనిడిన్ వలన మగత కమ్ముతుంది, రక్తపోటు తగ్గవచ్చు. కనుక బిడ్డను పడుకోబెట్టి కనిపెట్టుకొని ఉండవలె. పాఠం అప్పజెప్పించుకోకుండానే రాదని తేల్చే పంతులు వంటిది ఆ ఒంటి నమూనా. (అట్టి పంతుళ్ళను నేనెరుగుదును.)

అయితే ఈ పరీక్షనే తుది తీర్పు అనుకోవడం నాకు సమ్మతం కాదు. మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు దాటవలెనని కొందరు, 7 చాలునని కొందరు. ఆరోగ్యవంతులైన పిల్లలు సైతం ఒక్కొక్కప్పుడు తప్పుతారు. అందుకే సాధారణంగా రెండు వేర్వేరు మందులతో చూస్తారు. ముందుగా థైరాయిడు లోపముంటే సరిదిద్దవలె, లేనిచో ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. అందునా టి.ఎస్.హెచ్. ఒక్కటే చూస్తే చాలదు. దోషం పీయూషగ్రంథిలో ఉన్నప్పుడు అది మామూలుగానే కనబడి, టి4 మాత్రమే తగ్గి ఉండవచ్చు. థైరాయిడు లోపం అరుదని అనుకోకండి. హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ప్రకటించిన వ్యాసంలో, పుట్టుకతో ఆ లోపమున్నవారు 1,700 మందికి ఒకరని తేలినది.

అన్నిటికంటె ముందు కావలసినది ఎత్తు లెక్క. ఏడాదికి ఎన్ని సెంటీమీటర్లు పెరిగెనో తెలియకుండా సూదులెందుకు? ఆ లెక్క వ్రాయగలవారము బడిపంతులమే. నా కొలువులో ముందువరుస బాలునికొకనికి వామనుడని పేరు పెట్టినది నేనే. త్రివిక్రముడవుతాడని పిల్లలను నవ్వించాను కూడా. నాలుగేళ్ళూ వాడు ఆ వరుసలోనే నిలిచినాడు. గోడకు నిలబెట్టి ఒక గీత గీయవలెనన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఎముకల చివళ్ళు అతుక్కున్న పిదప ఏ మందూ ఎత్తు పెంచదని చాలా ఆలస్యంగా తెలుసుకొన్నాను.

"నిరుటి ఎత్తు ఎక్కడైనా వ్రాసి ఉన్నదా అమ్మా?" అని అడిగాను.

"బడిల అడుగుత సారూ" అన్నది.