ఎండని చేపకు ఇంజినీర్లు కావాలి

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి,



నేను తార్నాకలో ఉంటున్న సర్కారు ప్రాథమిక బడి టీచర్ని. మీ విశ్వవిద్యాలయం మాకు ఇరుగుపొరుగు. ఆ చనువుతోనే, నలుగురూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను. నా విన్నపం ఒక్కటే. పిల్లలు కథ చదవాలి. ఆ కథలో ఎవరికో వచ్చిన ఇబ్బందిని తమ చేతులతో తయారుచేసిన వస్తువుతో తీర్చాలి. క్యాంపస్ చుట్టుపక్కల ప్రాథమిక బళ్ళలో ఇలాంటి తరగతులను మీ ఇంజినీరింగ్ కాలేజీ, తెలుగు శాఖ, విద్యా కళాశాల కలిసి చేపట్టాలి.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం దీన్ని 'నావెల్ ఇంజినీరింగ్' పేరుతో తీర్చిదిద్దింది. కథలోని పాత్ర తమ దగ్గరికి సాయం కోసం వచ్చిన మనిషి అనుకుని పిల్లలు పని మొదలుపెడతారు. ఆ మనిషికి ఏది నప్పుతుందో, ఏది నప్పదో తెలియాలంటే మళ్ళీ పుస్తకమే తెరవాలి. ఎజ్రా జాక్ కీట్స్ 1962లో తెచ్చిన 'ది స్నోయీ డే' అనే బొమ్మల పుస్తకంలో ఒక పిల్లవాడు మంచుముద్దను జేబులో దాచుకుంటాడు, అది కరిగిపోతుంది. దాన్ని కరగకుండా ఎలా కాపాడతారని అడిగితే చాలు, వేడి ఎలా ప్రయాణిస్తుందన్న పాఠం మొదలైనట్టే.

మన పిల్లలు మంచు చూడలేదు. కానీ వాళ్ళకు ఏడు చేపల కథ తెలుసు. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండదు. ఎందుకని అడిగితే గడ్డిమోపు అడ్డొచ్చిందంటుంది. గడ్డిమోపు ఆవు మీద, ఆవు కాపరి మీద, కాపరి అన్నం పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడ్చిన పాప మీద, పాప కుట్టిన చీమ మీద నేరం మోపుతారు. పాప తన పుట్టలో వేలు పెట్టింది కాబట్టి కుట్టానంటుంది చీమ.

మూడో తరగతిలో ఈ కథ చెప్పుకున్నాక, చేప ఎండాలంటే మీరేం చేస్తారని అడిగాను. తడి గుడ్డను చేపల్లా కత్తిరించి జట్టుకొకటి ఇచ్చాను. ఒక జట్టు చీపురుపుల్లలతో దండెం కట్టింది. ఇంకో జట్టు చేపను బండ మీద పరిచింది. దండెం మీది చేప ముందు ఆరింది. దానికి రెండు వైపులా గాలి తగిలిందని ఒక పిల్లవాడు కారణం చెప్పాడు. ఒక అమ్మాయి చేప జోలికే పోలేదు. గడ్డిమోపు కింద సీసా మూతలు చక్రాల్లా అమర్చింది. నీడ పడినప్పుడల్లా మోపునే పక్కకు జరపొచ్చని ఆమె ఆలోచన. మరో జట్టు, గొడవంతా చీమతో వచ్చింది కాబట్టి పాప ఉయ్యాల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడతామంది. చీమలు పట్టకుండా అన్నం గిన్నెను నీళ్ళ పళ్ళెంలో ఉంచడం వాళ్ళు ఇంట్లో రోజూ చూసేదే. పక్క జట్టు ఒప్పుకోలేదు. చీమ ఉయ్యాల ఎక్కలేదు కదా, పాపే పుట్టలో వేలు పెట్టింది అంటూ కథ మొదటి నుంచీ మళ్ళీ చెప్పి చూపించింది. నీళ్ళ గిన్నెలు పోయి, పుట్ట చుట్టూ అట్టముక్కల కంచె లేచింది.

కథ మళ్ళీ చూడమని వాళ్ళకు నేను చెప్పలేదు. తమ మాట నెగ్గించుకోవాలన్న పట్టుదలే చెప్పింది. ఒకదానికొకటి ముడిపడిన కష్టాల్లో ఎక్కడ చెయ్యి వెయ్యాలి, ఏ మార్గం తేలిక, ఏది చివరిదాకా నిలుస్తుంది అని వాళ్ళు వాదించుకున్నారు. మీ విద్యార్థులు ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టులో చేసేది కూడా ఇదే. ఇంజినీరింగ్ ఎవరో ఒకరి కష్టంతోనే మొదలవుతుంది. ఏడేళ్ళ పిల్లకు తన ఇంటి బయటి మనుషుల కష్టం మొదట ఎదురయ్యేది కథలోనే. ఈ రెండింటినీ వేరుచేసి చెబుతున్నాం కాబట్టే పిల్లలకు లెక్కలు పొడిగా, తెలుగు పాఠం బరువుగా అనిపిస్తున్నాయని నా నమ్మకం.

పంచతంత్రంలో హంసలు పట్టుకున్న కర్రను నోట కరిచి ఎగిరిన తాబేలు, మాట్లాడబోయి పడిపోతుంది. తాబేలు కబుర్లు చెబుతూనే క్షేమంగా చేరాలని పిల్లలకు షరతు పెట్టండి. గుడ్డతో జోలె కడతారు. తాబేలుకు బదులు రాయి వేస్తే జోలె ఒక పక్కకు ఒరిగిపోతుంది. ముడి ఎక్కడ వేస్తే నిలుస్తుందో వెతుకుతారు. పై తరగతుల్లో గరిమనాభి అనే మాట వచ్చేనాటికి ఆ సంగతి వాళ్ళ వేళ్ళకు ముందే తెలిసి ఉంటుంది.

నాలుగు, ఐదు తరగతుల వాళ్ళకు హైదరాబాదులోనే కథలున్నాయి. 1908 సెప్టెంబరులో మూసీకి వరద వచ్చినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ మరుసటి ఏడాది, వరదను అదుపు చేసే పథకం కోసం ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇక్కడికి వచ్చారు. ఆయన పథకం నుంచే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు పుట్టాయి. ఈ కథ చదివిన పిల్లలు ఒక రేకు పళ్ళెంలో మట్టితో ఏరు చేసి, చెంబుతో వరద తెచ్చి, కట్ట ఎక్కడ వేస్తే ఊరు నిలుస్తుందో చూడగలరు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కథను ముందు కథగానే వినాలి, నవ్వాలి, భయపడాలి. ప్రతి కథ చివరా అట్టలు, జిగురు తెచ్చి పెడితే పిల్లలు కథ అంటేనే విసుగుపడతారు. అమ్మ దూరమైన పిల్ల కథలో తయారుచేయాల్సిన వస్తువేమీ ఉండదు. అక్కడ ఊరుకోవడమే టీచరు పని. ఏ కథ చేతిపనికి లొంగుతుందో, దేన్ని ముట్టుకోకూడదో తెలియాలంటే సాహిత్యం తెలిసినవాళ్ళు కావాలి. తెలుగు శాఖను నేను మొదటి నుంచీ కలుపుతున్నది అందుకే.

మీ విశ్వవిద్యాలయానికి ఈ పని పరాయిది కాదు. 1917 నాటి ఫర్మానాతో పుట్టినప్పుడే, పై చదువులు దేశభాషలో చెప్పవచ్చన్న నమ్మకంతో అనువాద విభాగాన్ని పెట్టి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించింది. 1929లో ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. ఏళ్ళపాటు ఈ క్యాంపస్‌లో పనిచేసిన అన్వేషి సంస్థ 2008లో దళిత, ముస్లిం పిల్లల బాల్యాన్ని చెప్పే బొమ్మల కథల పుస్తకాలు తెచ్చింది. గోగు శ్యామల, జూపాక సుభద్ర, ఖదీర్ బాబు వంటివారు వాటికి కథలు రాశారు. ఇక తార్నాకలో 'మంచి పుస్తకం' సంస్థ పిల్లల పుస్తకాలను సామాన్యులు కొనగలిగే ధరకు అందిస్తోంది. కాన్పూర్ ఐఐటీలో చదివిన అరవింద్ గుప్తా 1978లో హోషంగాబాద్ పల్లె బళ్ళకు వెళ్ళి, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో ఎన్నో ఆకారాలు కట్టించారు. ఆయన పుస్తకాలు తెలుగులోనూ దొరుకుతున్నాయి. ఇన్నీ నాలుగడుగుల దూరంలో ఉన్నా మా మూడో తరగతి గదిలో ఇంకా కలుసుకోలేదు.

ప్రభుత్వ పథకాల్లోనూ ఈ వయసు పిల్లల చేతిపనికి చోటు దొరకలేదు. అటల్ టింకరింగ్ ల్యాబులు ఆరో తరగతి నుంచే. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లల కోసం 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం చదవడం, రాయడం, లెక్కల మీద దృష్టి పెట్టింది. ఆ లక్ష్యం సరైనదే, నేనడిగేది దానికి అడ్డురాదు. తమ దండెం ఎందుకు కూలిందో రాయమంటే, వ్యాసం రాయని పిల్లలు కూడా అరపేజీ రాస్తారు. పైగా మా పిల్లల్లో చాలామంది మేస్త్రీల, మెకానిక్కుల, వెల్డర్ల, దర్జీల బిడ్డలు. మీ గోడ పక్కనే ఉన్న మాణికేశ్వర్ నగర్‌ను ఇప్పటికీ వడ్డెర బస్తీ అనే పిలుస్తారు. మట్టం, గుండుదారం వాడటం నాన్న దగ్గర చూసిన పిల్లకు తన ఇంటి విద్య బడిలోనూ పనికొస్తుందని మొదటిసారి తెలిసేది ఇలాంటి తరగతిలోనే.

కాబట్టి నాలుగు పనులు కోరుతున్నాను. తెలుగు శాఖ, 'మంచి పుస్తకం' వంటి ప్రచురణకర్తలతో కూర్చుని, ఒక్కో తరగతికి పది కథల చొప్పున ఎంపిక చేయాలి. ఇంజినీరింగ్ విద్యార్థులు నెలకు రెండు పూటలు మా బళ్ళకు రావాలి. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటల సేవ ఎలాగూ ఉంది, ఈ పూటలను అందులో లెక్కించండి. వాళ్ళు పిల్లల చేతిలోంచి కత్తెర లాక్కోకుండా, అడిగినప్పుడే సాయం చేసేలా ముందు వాళ్ళకు శిక్షణ ఇవ్వాలి. విద్యా కళాశాల ఏడాదంతా ఈ తరగతులను గమనించాలి. ఏది పనిచేసింది, ఏది విఫలమైంది అన్నది టీచర్ల కోసం తెలుగులో ఒక చేతిపుస్తకంగా తేవాలి. చివరగా, విశ్వేశ్వరయ్య జయంతి అయిన సెప్టెంబరు 15న, ఇంజినీర్స్ డే నాడు, పిల్లలు చేసిన వస్తువులను మీ ఇంజినీరింగ్ కాలేజీలో ప్రదర్శించాలి. కూలిపోయిన నమూనాలు కూడా అక్కడ ఉండాలి. ఎందుకు కూలాయో పిల్లలే చెప్పాలి.

దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ప్రాథమిక బడికి సమగ్ర శిక్షా కింద ఏటా 5,000 రూపాయల దాకా గ్రంథాలయ నిధి ఉంది, పుస్తకాలకు అది ఆసరా. అట్టపెట్టెలు, కొబ్బరి ఈనెలు, పాత గుడ్డలు మా బస్తీల్లో కావలసినన్ని ఉన్నాయి. లేనిదల్లా మూడు విభాగాల అధిపతులూ, మా టీచర్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే ఒక్క పూట. దాన్ని ఏర్పాటు చేయగలిగింది మీరే. వచ్చే విద్యా సంవత్సరం బళ్ళు తెరిచేలోపు ఆ సమావేశానికి ఒక తేదీ నిర్ణయించండి. ఈ ఏడాది మూడో తరగతిలో ఉన్న పిల్లలకు మళ్ళీ మూడో తరగతి రాదు.

ఇట్లు,
తార్నాక నుంచి ఒక ప్రాథమిక పాఠశాల టీచర్