గ్యాస్ పోయింది... డొక్కయినా దక్కాలి!

కోనసీమ నేల కింద ఏముందో దేశమంతటికీ తెలుసు. ఆ నేల మీద బతికేవాడికి ఏం మిగిలిందో మాత్రం కోనసీమకే తెలుసు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా బలయ్యారు. ఆ పైపులో గ్యాస్ కొండపల్లి కరెంటు ప్లాంటుకు పోతోంది. మంట మనకు, వెలుగు ఇంకొకరికి!

ఇప్పుడు కంపెనీల చూపు నేల మీదున్న వాటిపైనా పడింది. సీఎన్‌జీ, ఇంటింటి పైపు గ్యాస్ అమ్మే కంపెనీలు అందులో కొంత బయోగ్యాస్ కలిపి తీరాలని కేంద్రం 2023 నవంబర్‌లో చెప్పింది. 2025-26లో ఒక శాతంతో మొదలుపెట్టి 2028-29 నాటికి 5 శాతం చేయాలన్నది లెక్క. 2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం 500 బయోగ్యాస్ ప్లాంట్లకు, 65 వేల కోట్ల పెట్టుబడికి రిలయన్స్‌తో ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్‌లో కనిగిరి దగ్గర దివాకరపల్లిలో మొదటి ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. గడ్డికీ పేడకూ ధర పలికే రోజులొస్తున్నాయి. సంతోషమే. ఆ ధర ఎవరి చేతికి వస్తుంది? అడగాల్సింది ఇదే.

మన సంగతి చూద్దాం. అంబాజీపేట చుట్టుపక్కల ఏ రోడ్డు పట్టినా డొక్కల గుట్టలే. కొన్ని పీచు మిల్లులకు పోతాయి. మిగిలినవి పొయ్యిలోకో, కాలవ గట్టు మీద మంటలోకో పోతాయి. కోత మిషన్ వచ్చాక వరిగడ్డి చేలోనే పడి ఉంటోంది. వానకు నానితే పశువు ముట్టదు, రైతు అగ్గిపెట్టి ఊరుకుంటున్నాడు. తగలబడుతున్నది చెత్త అనుకుంటున్నాం. అది సొమ్ము.

డొక్కలో మూడో వంతు పీచు, మిగిలింది పొట్టు. పీచు తాడవుతుంది, పరుపవుతుంది. పొట్టును ఇటుకల్లా నొక్కి నర్సరీల కోసం విదేశాలకు పంపుతున్నారు. చిప్పను కాల్చి బొగ్గు చేస్తే, నీళ్లు శుద్ధి చేసే యాక్టివేటెడ్ కార్బన్‌కు అదే ముడిసరుకు. మట్టలు, ఊక బాయిలర్‌కు పనికొస్తాయి. పేడ, తడి చెత్త, పాడైన గడ్డి గ్యాస్‌కు పనికొస్తాయి. ముందు విలువైన పని, చివరికి మంట. ఒకరి వ్యర్థం ఇంకొకరికి ముడిసరుకు కావాలి, ఆఖరున మిగిలింది నేలకు చేరాలి. సర్క్యులర్ బయో ఎకానమీ అని సెమినార్లలో చెప్పేది ఇదే. గాదె కింద ఊకను, పెంట మీద పేడను పారేయని మన తాతలకు ఇది కొత్తేమీ కాదు.

అయితే ప్లాంటు కట్టినంత మాత్రాన చక్రం తిరగదు. 2000 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో బయోమాస్ కరెంటు ప్లాంట్లు చాలా వచ్చాయి. ఊక ధర పెరిగింది, కరెంటుకు ఈఆర్సీ ఇచ్చిన రేటు చాలలేదు, అనేకం మూతపడ్డాయి. గడ్డి బరువు తక్కువ, జాగా ఎక్కువ. లారీ నిండుతుంది, కాటాలో తూగదు. దూరం మోస్తే కిరాయి లాభాన్ని మింగేస్తుంది. కోత రోజులు కొద్ది, సార్వా కోతలకు తుఫాను భయం. కనుక కట్టలు కట్టేవాడు, ఆరబెట్టే కళ్లం, నిలవ చేసే షెడ్డు ఊరి దగ్గరే ఉండాలి. ఈ గొలుసు ఎవరి చేతిలో ఉంటే లాభం వాళ్లదే.

అందుకే ప్లాంటు రాకముందే షరతులు రాయించుకోవాలి.

గడ్డి డబ్బు సాగుచేసిన కౌలు రైతుకే అందాలి. గిట్టుబాటు లేక 2011లో పంట విరామం ప్రకటించిన నేల ఇది. ఎకరానికి నాలుగు రాళ్లు అదనంగా వస్తే ఎవరికి రావాలో వేరే చెప్పాలా?

పశువుల మేతకూ పీచు మిల్లులకూ పోను మిగిలిందే ప్లాంటుకు ఇవ్వాలి. సేకరణ పని డ్వాక్రా సంఘాలకు, దింపు, వలుపు కార్మికుల సంఘాలకు దక్కాలి. కూలి ఒక్కటే కాదు, వాటా కూడా.

గ్యాస్ తీశాక మిగిలిన స్లర్రీ ఎరువుగా అదే చేలకు తిరిగి రావాలి. వరి మొక్క నేల నుంచి పీల్చిన పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉంటుంది. గడ్డి తీసుకుపోయి ఎరువు ఇవ్వకపోతే, ఆ పొటాష్‌ను రైతు మళ్లీ బస్తాల్లో కొనుక్కోవాలి. చమురు పోయినట్టే సారమూ పోతుంది.

రాష్ట్రం వస్తే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయని మనలో కొందరి నమ్మకం. తెలంగాణ వాళ్లు నీళ్లు, నిధులు, నియామకాలు అని మూడు మాటల్లో లెక్క అడిగారు, 2014లో రాష్ట్రం సాధించుకున్నారు. మన లెక్క మనం కట్టుకున్నామా? ఏ మండలంలో ఎంత డొక్క, ఎంత గడ్డి, ఎంత ఊక వస్తోందో పంచాయతీ వారీగా రాసి పెట్టుకున్నామా? ఆ లెక్క లేకుండా అడిగే రాష్ట్రం జెండా మార్పుతోనే ఆగిపోతుంది.

గ్యాస్ బావులు తవ్వేటప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు, మనమూ గట్టిగా అడగలేదు. ఈసారి సరుకు మన చేలో ఉంది, మన దొడ్లో ఉంది. మనం ఎత్తి ఇస్తే తప్ప లారీ కదలదు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ప్రతి ఊరి గ్రామసభా ఈ షరతులు తీర్మానం చేయాలి. ఒప్పందం మీద సంతకం పడ్డాక ధర్నాకు కూర్చుంటే వినేవాడుండడు!