గేరు చప్పుడు – తప్పు ఎవరిది?



ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ ఇళ్లకు వెళ్లిపోయిన తరువాత మా సంఘ పెద్ద ఒకాయన గుడి మెట్ల మీద ఒంటరిగా కూర్చొని ఉన్నారు. "ఇంటికి వెళ్లలేదేమండీ?" అని అడిగాను. "వెళ్లి ఏం చేసేది అయ్యగారూ! మావాడు నాతో మాట్లాడి వారం రోజులైంది" అన్నారు.

సంగతి ఇది. ఆయన కుమారునికి మండల కేంద్రంలో ఎరువుల కొట్టులో పని దొరికింది. రాత్రివేళ మా ఊరికి బస్సు లేదు. అందుకని ఆయన పాడి గేదెను అమ్మి, ఒక పాత వంద సీసీ మోటారు సైకిలు కొనిచ్చారు. అబ్బాయి ఎల్.ఎల్.ఆర్. తీసుకున్నాడు గాని అంతకుముందు సైకిలు తప్ప మరేదీ నడిపినవాడు కాడు. మొదటి గేరు వేయగానే 'టక్'మని పెద్ద చప్పుడు. రెండో గేరుకు 'కరకర'. చూచినవారు "గేరుబాక్సు పోయింది, మీ నాన్నను ఎవరో మోసం చేశారు" అన్నారు. ఇంజను విప్పాలి, వేలల్లో ఖర్చవుతుందని ఒక షెడ్డులో చెప్పారట. ఆ మాట పట్టుకొని కొడుకు తండ్రిని అనరాని మాటలన్నాడు.

దాచడమెందుకు? నేను కూడా "కొనేముందు తెలిసినవారికి చూపించవలసింది కదా" అనేశాను. ఆయన తల వంచుకొని వెళ్లిపోయారు. ఆ సాయంకాలం నాకు అన్నం సహించలేదు. బండి చూడకుండానే తీర్పు చెప్పాను. మరునాడు అబ్బాయిని బండితో సహా రమ్మని కబురు పెట్టాను. గ్రామాల సేవలో చాలా ఏండ్లుగా బండి నడిపినవాడను గనుక చప్పుళ్ల సంగతి కొంత తెలుసు. కొత్తగా బండి నేర్చుకునే మన యౌవనస్థులకు, వారి తలిదండ్రులకు ఉపయోగపడుతుందని ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదటిది, బండి స్వభావంలో ఉన్న చప్పుడు. గేరుబాక్సులోని పళ్ల చక్రాలు ఎప్పుడూ జతలు జతలుగా ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. గేరు మార్చడమంటే ఒక చక్రం ప్రక్కనున్న బొడిపెలు ప్రక్క చక్రపు గుంటలలో దూరడమే. బండి నిలిచి, ఇంజను తిరుగుతున్నప్పుడు మనం క్లచ్ నొక్కినా, క్లచ్ ప్లేట్ల మధ్యనున్న ఆయిలు వాటిని కొంచెం లాగుతూనే ఉంటుంది. ఇంజను వైపు భాగం తిరుగుతుంటుంది, చక్రం వైపు భాగం కదలకుండా ఉంటుంది. ఆ రెండూ కలిసినప్పుడు వచ్చేదే 'టక్'. ఉదయం ఆయిలు చల్లగా, చిక్కగా ఉంటుంది గనుక ఇంకా గట్టిగా వినబడుతుంది. స్టార్టు చేసి ఒక్క నిమిషం ఆగి, క్లచ్ పూర్తిగా నొక్కి, రెండు క్షణాల తరువాత గేరు వేస్తే చప్పుడు తగ్గుతుంది. ఐడిలింగు ఎక్కువగా ఉన్నా ఈ చప్పుడు పెరుగుతుంది. వంద సీసీ బండ్లకు నిమిషానికి సుమారు 1400 తిప్పులు చాలు. కార్బురేటరు బండ్లలో మెకానిక్ స్క్రూతో సరిచేస్తాడు. ఇంజెక్షన్ బండ్లలో మనం చేయి పెట్టకూడదు.

రెండవది, మన కాలు చేయించే చప్పుడు. అబ్బాయి నడుపుతుండగా చూచాను. క్లచ్ సగమే నొక్కుతున్నాడు. యాక్సిలరేటరు వదలడం లేదు. భయం భయంగా గేరు రాడ్డును తాకి తాకనట్టు నొక్కుతున్నాడు. బొడిపెలు గుంటల అంచుల మీద రాసుకొని 'కరకర'మంటున్నాయి. వరుస ఇట్లా ఉండాలి: యాక్సిలరేటరు మూయాలి, క్లచ్ పూర్తిగా నొక్కాలి, గేరు ఒక్కసారే స్థిరంగా, ఆగేదాకా నొక్కాలి, కాలు తీసివేయాలి, క్లచ్ నెమ్మదిగా వదులుతూ యాక్సిలరేటరు ఇవ్వాలి. సగం నొక్కితే గేరు అటూ ఇటూ కాకుండా నిలిచిపోతుంది. ఇంజను అరుస్తుంది, బండికి లాగుడు ఉండదు. వెనుక భార్యాబిడ్డలు కూర్చున్నప్పుడు మలుపులో ఇట్లా జరిగితే ఎంత అపాయమో ఆలోచించండి.

గేర్లు తగ్గించేటప్పుడు ముందు బ్రేకుతో వేగం తగ్గించి, ఒక్కొక్కటిగా తగ్గించాలి. లేకుంటే వెనుక చక్రం పట్టేసినట్లై తడి రోడ్డు మీద జారుతుంది. నిలిచి ఉండగా గేరు పడకపోతే తన్నవద్దు. బొడిపెకు ఎదురుగా గుంట లేదన్నమాట. క్లచ్ కాస్త వదిలి మళ్లీ నొక్కి ప్రయత్నించండి, లేదా న్యూట్రల్‌లో బండిని కొంచెం ముందుకు వెనుకకు కదపండి. నడిపేటప్పుడు గేరు రాడ్డు మీద ఊరకే కాలు ఆనించవద్దు, లోపలి భాగాలు అరిగిపోతాయి. కొన్ని బండ్లకు గేర్లన్నీ ముందుకు నొక్కాలి, కొన్నింటికి మొదటిది క్రిందికి, మిగిలినవి పైకి. మీ బండి వరుస ఏదో ముందుగా తెలుసుకోండి.

మూడవది, మరమ్మతు కోరే చప్పుడు. క్లచ్ లివరు చివర సాధారణంగా 10–20 మి.మీ. ఆట ఉండాలి. ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడిపోదు. చిన్న బండ్లలో చైను సుమారు 20–30 మి.మీ. ఊగవచ్చు. అంతకు మించి వదులైనా, ఎండిపోయినా వచ్చే కుదుపును గేరుబాక్సు చప్పుడనుకుంటాము. సరియైన కొలత మీ బండి పుస్తకంలో ఉంటుంది. ఇక ఆయిలు. నాలుగు స్ట్రోకుల బండ్లలో చాలా వాటికి ఇంజనుకు, క్లచ్‌కు, గేర్లకు ఒక్కటే ఆయిలు. నల్లబడి పలుచనైతే గేర్లు గట్టిపడతాయి. కారు ఆయిలు పోస్తే క్లచ్ జారవచ్చు. డబ్బా మీద 'జాసో ఎంఏ' అని ఉన్నది మంచిది. ఇవన్నీ సరిచేసినా ప్రతి గేరుకు కరకరలాడుతుంటే, గేరు దానంతటదే ఊడిపోతుంటే, పాత ఆయిలులో ఇనుప ముక్కలు కనబడితే, అప్పుడు ఆలస్యం చేయకుండా మంచి మెకానిక్‌కు చూపించండి.

ఆ అబ్బాయి బండికి క్లచ్ వైరు వదులైంది, చైను వేలాడుతోంది, ఆయిలు తారులాగుంది. అన్నిటికీ ఆరు వందల లోపే అయింది. తరువాత మూడు సాయంకాలాలు బడి ఆవరణలో అభ్యాసం చేశాడు. కరకర పోయింది. "అయ్యగారూ, మొదటి గేరుకు టక్‌మంటూనే ఉందే!" అన్నాడు. "అది ఉంటుంది నాయనా, అది దాని తీరు" అన్నాను. కొంచెంసేపు ఊరకుండి, "నాన్న మోసపోలేదన్నమాట" అని నెమ్మదిగా అన్నాడు.

ఆ రాత్రి ఇద్దరం వారి ఇంటికి వెళ్లాము. ముందు నేను క్షమించమని అడిగాను. తరువాత అబ్బాయి అడిగాడు. ఆ తండ్రి కోపపడలేదు. "హెల్మెట్ పెట్టుకొని వెళ్లరా, చీకట్లో నెమ్మదిగా రా" అన్నారు, అంతే. ఖాళీగా ఉన్న గేదె కట్టుగొయ్య వైపు చూడలేక అబ్బాయి ముఖం తిప్పుకున్నాడు.

వినడంలో చురుకు, మాటలో నిదానం కావాలని యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలో బోధించాడు. ఆ భాగం మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. అయినా చప్పుడు వినకముందే నోరు తెరిచాను. మన ఇండ్లలో కూడా చప్పుడు వస్తే, అది ఎదుటివారి స్వభావమా, మన కాలి తొందరా, నిజంగా బాగుచేయవలసిన లోపమా అని ఒక్క రోజు ఆగి విందాము. తప్పు మనదే అయితే ఆ రాత్రే వెళ్లి ఒప్పుకుందాము.

ప్రభువు చిత్తమైతే వచ్చే నెల మరల కలుసుకుందాము.