ఫోనుకో సీటు కావలెను!

టాపు లేని ఎర్ర కారు. స్టీరింగు దగ్గర హీరో, పక్కన హీరోయిన్, వెనకాల పరుగులు తీసే చెట్లు. హీరోగారు రోడ్డు తప్ప అన్నీ చూస్తారు. ఆమె కళ్లలోకి చూస్తారు, మబ్బుల్లోకి చూస్తారు, చరణం చివర రెండు చేతులూ వదిలేసి చప్పట్లు కూడా కొడతారు. అయినా కారు గీత తప్పదు! ఎందుకు తప్పదో ఈ పేజీ చదివే మీకు నేను వేరే చెప్పాలా?

అయినా చెబుతాను, కాస్సేపాగి. ముందు మా బాల్కొండలో పోయిన ఫిబ్రవరిలో జరిగిన ఏడెనిమిది సెకన్ల సీను వినండి.

బాల్కొండ అంటే ఆర్మూరు దాటి నిర్మల్ వైపు పోతుంటే నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద తగిలే వూరు. పసుపు పండే నేల. ఇంటికొకరు గల్ఫులోనో అమెరికాలోనో వుండే నేల కూడాను. నా చిన్ననాటి దోస్తు డాలస్‌లో సాఫ్ట్‌వేరు. వాళ్ల బాపుని నేను కాకా అంటాను. ఆ రాత్రి ఏడున్నరకి కాక వాకిట్లో మంచం మీద కూచున్నాం. ఉడకబెట్టిన పసుపు కళ్లంలో ఆరుతోంది, వాసన వాకిలిదాకా వస్తోంది. అక్కడ డాలస్‌లో పొద్దున ఎనిమిది. మావాడు ఆఫీసుకి పోతూ రోజూ ఆ వేళకి వీడియో కాల్ చేస్తాడు. కాక ఫోనుకి స్టాండు ఏమిటనుకున్నారు? ఇత్తడి చెంబు! నిండా నీళ్లు పోసి, దానికి ఆనించి పెడతాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ పడలేదు.

"బాపూ, ఇయ్యాల మార్కెట్ల కొమ్ము ఎంత పలికింది?" అన్నాడు మావాడు.

కాక నోరు తెరిచేలోగా తెర మీద బొమ్మ గిర్రున తిరిగింది. వాడి మొహం, ఆకాశం, మోకాలు, ఆ తరవాత చీకటి. టైర్లు కీచుమన్న చప్పుడు. ఎవరిదో పెద్ద హారన్. అంతే, ఇంకేం లేదు. కాక దిగ్గున లేచాడు. చెంబు దొర్లి నీళ్లన్నీ మంచం కిందకి పోయాయి. వంటింట్లోంచి చిన్నమ్మ "ఏమైంది? ఏమైంది?" అంటూ వచ్చింది. ఇద్దరూ ఆ నల్లటి తెరవంకే చూస్తూ నిలబడ్డారు. నేనెన్నో సస్పెన్స్ సినిమాలకి రివ్యూలు రాశాను. అంత పొడుగు సస్పెన్సు నేనెరగను.

"ఏం కాలే బాపూ... ఫోను కింద పడ్డది" అని గొంతు వినిపించాక చిన్నమ్మ గడప మీద కూలబడింది.

అసలు సంగతి ఆ రాత్రే బయటపడింది. డాషుబోర్డు మీది సక్షన్ కప్పు చలికి పట్టు వదిలింది. ఫోను జారి వాడి కాళ్ల దగ్గరికి పోయి సరిగ్గా బ్రేకు పెడలు కింద దూరింది. ముందు ఎర్ర దీపం, ఆగిన కారు. వీడు బ్రేకు తొక్కితే పెడలు సగం దాకా దిగి ఆగిపోయింది! కాలివేలితో ఫోనుని పక్కకి తన్ని మళ్లీ తొక్కేసరికి ముందు కారుకీ వీడి కారుకీ మధ్య మూరెడు జాగా మిగిలిందట.

ఇంతకీ ఏమిటా కారు? మజ్దా ఎమ్మెక్స్-5. అమెరికాలో ముద్దుపేరు మియాటా. వీడిది 1992 మోడలు, ఎర్ర రంగు. ఈ కారు మొదటిసారి జనానికి కనిపించింది 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు షోలో. రెండే సీట్లు. పొడవు నాలుగు మీటర్లకి కాస్త తక్కువ, బరువు వెయ్యి కిలోల లోపు, ఇంజను 1.6 లీటర్లు. పెద్ద వేగమేం కాదు. కాని గుర్రమూ రౌతూ ఒకటైనట్టు వుండాలని జపాను ఇంజనీర్లు పట్టుబట్టి కట్టిన బండి. 2016 ఏప్రిల్‌లో పదిలక్షలో కారు తయారైందంటే జనం ఎంత మోజుపడ్డారో చూడండి. ఆ తొలి తరం బండ్లకి ఇంకో వయ్యారం వుంది. ముందు దీపాలు బానెట్‌లో దాక్కుని, స్విచ్ నొక్కితే కప్ప కళ్లలా పైకి లేస్తాయి. 1997 తరవాత ఆ సోకు పోయింది.

మావాడు అది కొన్నప్పుడు కాక అడిగిన మాట ఒక్కటే. "ఇద్దరే కూసునే బండి ఎందుకురా? మేమొస్తే ఏడ కూసోవాలె?"

తమాషా ఏమంటే, ఆ కారులో కాకకీ చిన్నమ్మకీ సీటు లేనట్టే ఫోనుకీ లేదు. 1992లో జేబులో ఫోను పెట్టుకునే మనిషి ఎవరు? ఇప్పటి కార్లలో మధ్యన టీవీ అంత తెర వుంటుంది. ఆ కారులో అదే చోట వున్నవి కేసెట్టు పెట్టే రేడియో, దాని మీద గాలి వచ్చే గుండ్రటి గుంటలు రెండు, కింద గేరు రాడ్డు. అంతే!

వారం రోజులపాటు మావాడు స్టాండ్ల వేట సాగించాడు. రోజూ రాత్రి నాకు ఫోటోలు. (సినిమా వార్తలు రాసుకునే వాణ్ణి, నాకెందుకు చెప్పండి ఈ ఇంజనీరింగు!) మొదట అద్దానికి అతికించే రకం. ఆరు సెంటీమీటర్ల వెడల్పున్న సక్షన్ కప్పుని గాలి నొక్కే బలం లెక్క ప్రకారం దాదాపు ఇరవై తొమ్మిది కిలోలు. రెండువందల గ్రాముల ఫోనుకి అది బ్రహ్మాండం కదా? అవును, లోపల గాలి లేనంతసేపే. డాషుబోర్డు మీద గరుకు వుంటే ఆ గరుకులోంచి గాలి దూరుతుంది. చలికి రబ్బరు బిగుసుకుంటే అంచు లేస్తుంది, ఎండకి మెత్తబడితే జారుతుంది. పోనీ నున్నటి అద్దం మీద పెడదామంటే ఆ చిన్నకారుకి వున్నదే బెత్తెడు అద్దం. ఫోను పెడితే సందు మలుపులో నడిచే మనిషి దాని వెనక దాక్కుంటాడు.

తరవాత గాలి గుంటకి తగిలించే క్లిప్పు. అవి అడ్డపట్టీలున్న కిటికీల కోసం చేసినవి. ఈ కారువి గుడ్డులా గిర్రున తిరిగే గుండ్రటి వెంట్లు. క్లిప్పు పట్టుకుంది, ఫోను బరువుకి వెంటే కిందకి తలొంచి నమస్కారం పెట్టింది! పైగా చలికాలం హీటరు పెడితే ఆ వేడిగాలి నేరుగా ఫోను వీపు మీదికే. జిగురు పట్టీతో అయస్కాంతం అతికించే రకం కూడా వుంది, గట్టిగానే పడుతుంది. కాని ముప్పై ఏళ్లు ఎండిన ప్లాస్టిక్కు. పీకినప్పుడు జిగురుతోపాటు డాషుబోర్డు చర్మమూ వూడి వస్తే కొత్తది ఎవడిస్తాడు?

ఇక కేసెట్టు నోట్లో దూర్చే రకం. సీడీ సందులో బిగించే స్టాండ్లు బజార్లో దొరుకుతాయి, కేసెట్టు సందుకీ అలాంటిది ఒకటి చూశాడు. ఇది బాగానే వుందిరా అన్నాను నేను. వాడు ఒప్పుకోలేదు. కారణం వింటే మీరూ ఒప్పుకోరు. ఆ రేడియో ఇంకా పాడుతోందట. వాడి దగ్గర కాక ఇచ్చిన కేసెట్టు ఒకటుంది. ఆ రోజుల్లో ఖాళీ కేసెట్టు కొని, పాటల జాబితా కాగితం మీద రాసి ఆర్మూరులో రికార్డింగు షాపులో ఇచ్చొస్తే రెండ్రోజులకి నింపి ఇచ్చేవాళ్లు. మీలో ఎందరికి తెలుసు ఆ ముచ్చట? అట్ట మీద కాక చేతిరాత ఇప్పటికీ వుంది. "పాట వచ్చే నోట్లో ఇనుపముక్క కుక్కమంటవా?" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను.

వేట ఆఖరికి బాల్కొండలోనే తేలింది. ఈ గోలంతా వింటున్న కాక ఒక రోజు ఫోను లాక్కుని అడిగాడు. "అద్దానికి ముద్దు పెట్టినట్టు అతికిస్తే అది ఎన్నొద్దులు ఉంటదిరా? మన ట్రాక్టరు మీద టేపురికార్డరు ఇరవై ఏండ్లు ఊడలే. ఎందుకు? బోల్టు కింద పట్టీ. నీ బండిల స్క్రూ ఏడున్నదో చూడు ముందుగాల."

స్క్రూ వుంది! ఆ గుండ్రటి వెంట్లని మెల్లిగా మీటి బయటికి లాగితే వెనకాల రేడియో చట్రాన్ని పట్టి వుంచే స్క్రూలు కనిపిస్తాయి. అంటే జిగురక్కర్లేదు, గాలి బలం అక్కర్లేదు, కారుకి కొత్త బెజ్జం పెట్టక్కర్లేదు. ఆ స్క్రూ విప్పి, దాని కింద సన్నటి ఇనుప పట్టీ దూర్చి మళ్లీ బిగిస్తే చాలు. మావాడు అట్టముక్క కత్తిరించి, స్కేలు పక్కన పెట్టి ఫోటో పంపాడు. ఇక్కడ చిన్నమ్మ పెట్టెలోంచి పాత శుభలేఖ తీసి అదే కొలతకి కత్తిరించాం. అది పట్టుకుని వెల్డింగు షాపుకి పోయాం. ఒకటిన్నర మిల్లీమీటరు మందం పట్టీ, రెండు చోట్ల వంపు, ఒక చివర స్క్రూ పట్టే బెజ్జం. అరగంట పని. అమెరికా కారుకి అని చెప్పగానే షాపతను పట్టీకి నల్లరంగు కూడా వేశాడు, పైసలు తీసుకోకుండా.

డాలస్ పోయే బంధువు సూట్‌కేసులో, పచ్చళ్ల సీసాల మధ్య ప్రయాణం చేసింది ఆ పట్టీ. అక్కడ బిగించాక చిక్కొచ్చింది. మూడో గేరు ముందుకి తోస్తే గేరు గుండు ఫోను అంచుకి టక్కున తగిలింది! అట్ట మీద కొలత తీసినప్పుడు గేరు న్యూట్రల్‌లో వుందన్న సంగతి మా ముగ్గురికీ తట్టలేదు. వాడే దాన్ని వైసులో బిగించి నాలుగు సెంటీమీటర్లు పైకి వంచాడు. చివర్న మోటారు సైకిళ్లకీ పడవలకీ వాడే అంగుళం రబ్బరు బంతి జాయింటు పెట్టాడు. పట్టీ బయటికి వచ్చేచోట వెంటు రింగు అంచున ఆకురాయితో చిన్న గాడి గీశాడు. ఇప్పుడు ఫోను రేడియోకి ఓ పక్కగా, అద్దం కిందకి, చెయ్యి అందే దూరంలో వుంది. గేరు తగలదు, స్టీరింగులోని ఎయిర్ బ్యాగుకి అడ్డం లేదు. మన దగ్గర పద్మినీలూ, ఒకప్పుడు విలన్లు దిగిన కాంటెస్సాలూ ముస్తాబు చేసి తిప్పే కుర్రాళ్లున్నారు కదా, స్టాండు కొనేముందు మా కాక ప్రశ్న ఒక్కసారి వేసుకోండి. స్క్రూ ఏడున్నది?

పట్టీ బిగిసిన రోజు కాక షరతు ఒకటి పెట్టాడు. నడిచే బండిలోంచి మొహం చూపించొద్దు! ఫోను దారి చూపించటానికే. మాట్లాడాలంటే బండి ఆపి మాట్లాడు. మావాడు గునిశాడు. "బాపూ, సినిమాలల్ల..." అన్నాడు. అక్కడే నా వంతు వచ్చింది.

సినిమాలో ఆ కారు నడవట్లేదు, అదీ రహస్యం. మదరాసు స్టూడియోల రోజుల్లో కారుని ఫ్లోరులో నిలబెట్టి, వెనక తెర మీద రోడ్డు బొమ్మ ఆడించేవాళ్లు. ఇద్దరు అసిస్టెంట్లు బంపరు పట్టుకుని వూపితే కారు గతుకుల్లో పోతున్నట్టుండేది. తరవాత కారుని ట్రెయిలరు ఎక్కించి ముందు లారీతో లాగటం వచ్చింది. హాలీవుడ్‌లో అసలు డ్రైవరు కారు నెత్తిమీద బోనులో కూచుని నడిపితే, కింద హీరో ఉత్తుత్తి స్టీరింగు తిప్పుతాడు. ఇప్పుడు హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోస్‌లో కూడా పెద్ద పెద్ద ఎల్‌ఈడీ తెరలున్న ఫ్లోరు వుంది, ఏ దేశం రోడ్డైనా కారు వెనక పరిగెత్తించవచ్చు. హీరో కళ్లు ఎక్కడున్నా ఫరవాలేదు.

బయట రోడ్డు మీద మాత్రం లెక్క వేరు. వందకిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి దాదాపు ఇరవై ఎనిమిది మీటర్లు పోతుంది. బాపు మొహం రెండు సెకన్లు చూశావంటే యాభై అయిదు మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. పదిహేను మీటర్ల సినిమా తెరలు మూడున్నరకి పైగా వరసగా పెట్టండి, అంత దూరం! చట్టమూ ఆ మాటే అంటుంది. టెక్సస్‌లో 2017 సెప్టెంబరు 1 నుంచి నడుపుతూ మెసేజీలు చదవటం, రాయటం, పంపటం నిషేధం, దారి చూసుకోవటానికి మాత్రం మినహాయింపు. మన దేశంలో 2020 అక్టోబరు 1 నుంచి అమలైన రూలు కూడా ఫోనుని దారి చూసుకోవటానికే, అదీ డ్రైవరు ధ్యాస చెదరకుండా వాడుకోమంది.

వాడు ఒప్పుకున్నాడు. నా లెక్కలకి కాదులెండి, ఆ రాత్రి చిన్నమ్మ గడప మీద కూచున్న తీరు నేను చెప్పాక ఒప్పుకున్నాడు.

ఇప్పుడు కాల్ పావుగంట ముందే వస్తుంది. ఆఫీసుకి బయల్దేరేముందు ఇంటి ముందు కారు పక్కన నిలబడి చేస్తాడు. కాక మళ్లీ చెంబు నింపి పెట్టుకున్నాడు. పోయినవారం నేనూ వున్నాను. పసుపు ధర, వానల ముచ్చట, పెళ్లి సంబంధాల ముచ్చట (వాడు విననట్టు నటించాడు, బాగానే నటించాడు) అయ్యాక చిన్నమ్మ ఫోను దగ్గరికి జరిగింది.

"బిడ్డా, ఆ కండ్లు లేపు ఒక్కసారి."

మావాడు లోపలికి వంగి స్విచ్ నొక్కాడు. ఎర్ర కారు రెండు కళ్లూ పైకి లేపి బాల్కొండ వాకిలి వంక చూసింది. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇంకోపారి," అంది.